తూముకి ఇవతల

ప్రసాద్ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సుభద్ర తెచ్చిపెట్టిన గ్లాసు అరుగు మీద అలాగే ఉంది. చెప్పులైనా విప్పకుండా వాకిట్లో నిలబడి, బండి తాళంచెవి అరచేతిలో తిప్పుకుంటూ, గడప మీద కూర్చున్న బావ వంకే చూస్తున్నాడు.

"అడిగారా నిన్ను?" అన్నాడు మళ్ళీ. "కేసులేమన్నా ఉన్నాయా అని మేడమ్‌గారు నోరు తెరిచి అడిగారా?"

"లేదు," అన్నాడు నరసింహులు.

"మరి?"

నరసింహులు తల వంచుకుని కాలి వేలుకి అంటుకున్న మట్టి గీకుతున్నాడు.

సుభద్ర ఎండలో పరిచిన మాగాయ ముక్కలు తిరగేస్తోంది. అన్నయ్య ఎందుకొచ్చాడో, మొగుడు స్కూలు నుంచి వచ్చి ఎందుకు అన్నం వద్దన్నాడో ఆమెకి ఇప్పుడిప్పుడే తెలిసింది. ముక్కలు తిరగేస్తూనే ఉంది. ఒకసారి తిరగేసినవాటినే మళ్ళీ తిరగేస్తున్నానని కూడా గమనించలేదు.

ప్రసాద్ ఆ స్కూల్లో బస్సులన్నీ చూసుకునే ఇన్‌చార్జి. జంక్షన్ రూటు డ్రైవరు మానేశాడని తెలియగానే చెల్లెలి మొగుణ్ణి గుర్తుపెట్టుకుని, కరస్పాండెంటు రాధగారి చెవిన వేసింది అతనే. ఏళ్ళ తరబడి మామిడి లోడు వ్యాన్లు తోలిన మనిషని, బీడీ కూడా తాగడని చెప్పాడు. ఆవిడ దాదాపు ఒప్పుకున్నట్టే. పొద్దున పిలిపించింది లైసెన్సు ఒకసారి చూసి, ఎప్పుడు చేరతావని అడగడానికే.

నరసింహులు లైసెన్సు చూపించాడట. ఆవిడ చూసి తిరిగిచ్చి, సరేనయ్యా అందట. అప్పుడు చెప్పాడట. నాలుగేళ్ళ కిందట తెల్లవారుజామున లోడు తోలుతూ స్టీరింగు మీద కునుకు పట్టేసిందని, సైకిలు మీద వెళ్తున్న మనిషి చచ్చిపోయాడని, కోర్టు శిక్ష వేస్తే రాజమండ్రి జైల్లో ఉండి వచ్చానని. పిల్లల్ని నా చేతిలో పెట్టే ముందు మీకు తెలియాలి కదండీ అన్నాడట.

"నేను పక్కనే ఉన్నాను," అన్నాడు ప్రసాద్. "ఆవిడ నన్ను చూసి, మీకు తెలిసే తీసుకొచ్చారా ప్రసాద్‌గారూ అంది."

సుభద్ర తల ఎత్తింది.

"తెలియదని చెప్పాను." ప్రసాద్ గొంతు తగ్గింది. "ఏం చెప్పమంటావు? నా ఇద్దరు పిల్లలూ అక్కడే చదువుతున్నారు. తెలియదండీ అన్నాను. ఈయన పక్కనే నిలబడి విన్నాడు."

నరసింహులు బావ అబద్ధమాడాడని స్కూల్లోనూ అనలేదు, ఇక్కడా అనలేదు.

ప్రసాద్ ఇంకాసేపు మాట్లాడాడు. శిక్ష అయిపోయింది, లైసెన్సు తిరిగొచ్చింది, జైలు గేటు దాటిన రోజే ఆ కేసు తీరిపోయింది, తీరిపోయినదాన్ని తవ్వి బయటికి తీయడం ఎవరి కోసం అన్నాడు. తోటల వెంట కూలికి తిరిగే మనిషికి నెలనెలా జీతమొచ్చే పని చూపిస్తే ఇలా చేస్తాడా అన్నాడు. నరసింహులు అంతా విన్నాడు.

"పిల్లల్ని ఎక్కించుకునే బండి కదా బావా," అన్నాడు చివరికి. అంతే.

ప్రసాద్ చెల్లెలి వైపు తిరిగి, ఇలా చెప్పబోతున్నాడని నీకు ముందే తెలుసా అని అడిగాడు.

"తెలియదు అన్నయ్యా," అంది సుభద్ర.

అది నిజమే. ప్రసాద్ ఆమె ముఖం కాసేపు చూసి, నమ్మినట్టు తల ఊపి, బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ మీ సంగతుల్లోకి రానని వెళ్తూ వెళ్తూ అన్న మాట బండి చప్పుడులో సగమే వినిపించింది.

ఇంట్లో టీవీ గొంతు తగ్గింది. హారిక వింటోంది. పన్నెండేళ్ళ పిల్ల. ఈ ఇంట్లో గొంతులు లేచినప్పుడల్లా టీవీ తగ్గించి వినడం దానికి అలవాటైపోయింది.

సుభద్ర గ్లాసులో నీళ్ళు కరివేపాకు మొక్క మొదట్లో పోసింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"రెండుసార్లు నిజం చెప్పావు నువ్వు," అంది. "రెండుసార్లూ నన్ను అడగలేదు."

"అడిగితే వద్దనేదానివి."

"అంటాను. అన్నాకే వెళ్ళి వాళ్ళకి చెప్పొచ్చుగా."

నరసింహులు ఆమె కళ్ళలోకి చూసి, మళ్ళీ కాలి వేలి వైపు చూపు దించుకున్నాడు.

మొదటిసారి కోర్టులో. వ్యాను ఓనరు పెట్టించిన లాయరు అంతా సిద్ధం చేశాడు. మంచు పట్టి ఉంది, సైకిలుకి లైటు లేదు, ఆ మనిషి ఉన్నట్టుండి అడ్డం వచ్చాడు అని చెప్పాలి. నరసింహులు బోనెక్కి, నిద్ర పట్టేసిందండి, ఆయన తప్పేం లేదు అన్నాడు. సుభద్ర అప్పుడు కోర్టు వరండాలో టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఏం జరిగిందో ఆమెకి చెప్పింది లాయరుగారి గుమాస్తా. మీ ఆయనే మెడకి ఉరి తగిలించుకున్నాడమ్మా అన్నాడు. తర్వాత పోలీసులు అతన్ని తీసుకుపోతుంటే క్యారియరు ఎవరికివ్వాలో తెలియక ఇంటికి తెచ్చేసుకుంది.

ఆ నెలల్లో ఎవరన్నా అడిగితే మద్రాసు వైపు లారీ మీద వెళ్ళాడని చెప్పేది. వాళ్ళకి అసలు సంగతి తెలుసని ఆమెకీ తెలుసు. అయినా అదే చెప్పేది.

ఇప్పుడు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు అలాగే నిలబడింది. రాలేదు. పోయి మాగాయ ముక్కలు లోపల పెట్టుకుంది.

ఆ సాయంత్రం ముగ్గురూ అన్నాలు తిన్నారు. పప్పులో ఉప్పు లేదని ఎవరూ అనలేదు.

* * *

మర్నాడు కమీషను కొట్టు దగ్గర కూలికి మామిడికాయలు ఏరుతుంటే ఫోను మోగింది. సీజను ఆఖరు. బంగినపల్లి అయిపోయి, జ్యూసుకి పోయే కలెక్టరు కాయే వస్తోంది. సుభద్ర సొన అంటిన చేతిని చీరకి తుడుచుకుని ఫోను తీసింది.

రాధగారే. రేపు ఒకసారి స్కూలుకి రమ్మంది. ఒక్కదాన్నే రమ్మంది.

ఆ మాట ఇంట్లో చెప్పలేదు సుభద్ర. చెప్పకూడదని కాదు. చెప్పడానికి నోరు తెరవాలనిపించలేదు.

సెలవుల్లో స్కూలు వేరే చోటులా ఉంది. పిల్లల్లేని వరండాలు, గోడకి ఆనించి పేర్చిన బెంచీలు, వేపచెట్ల కింద వరసగా పసుపుపచ్చ బస్సులు. ప్రసాద్ ఒక బస్సు దగ్గర మెకానిక్కుతో మాట్లాడుతున్నాడు. చెల్లెల్ని చూశాడు. చూసి, మళ్ళీ ఇంజనులోకి వంగాడు.

రాధగారు ఆమెని కుర్చీలో కూర్చోమంది. సుభద్ర కూర్చోలేదు. రెండోసారి అంటే అంచున కూర్చుంది.

ఆవిడ మెల్లగానే మాట్లాడింది. ఇప్పటిదాకా ఎంతోమంది డ్రైవర్లు ఈ గదిలోకి వచ్చారట. ఒక్కడూ నా బండికి గీత పడిందని కూడా చెప్పలేదట. మీ ఆయన చెప్పాడు. ఆయన చెప్పాక తను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదని, మంచి మనిషి దొరికాడనుకోవాలో, ప్రమాదాన్ని చేతులారా తెచ్చి గేటు లోపల పెట్టుకుంటున్నాననుకోవాలో తేలలేదని అంది. పోలీసు వెరిఫికేషన్‌లో ఎలాగూ బయటపడేదే, అయినా ఆయన చెప్పడం వేరు, అది బయటపడడం వేరు అంది.

"నేను ఆయనకి ఉద్యోగం ఇస్తే దాచను. తల్లిదండ్రులకి చెప్పే ఇస్తాను," అంది. "అప్పుడు వాళ్ళు నన్ను ఒకటే అడుగుతారు. మీ పిల్లలైతే ఎక్కిస్తారా అని. మా పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. నేను ఎక్కిస్తానన్నా ఎవరూ నమ్మరు. మీ పాప మా దగ్గరే చదువుతోంది. అందుకని మిమ్మల్ని పిలిచాను."

సుభద్రకి ఆ మాట ఎక్కడికి పోతోందో అర్థమైంది.

"మీరు చెప్పండమ్మా. ఆయన నడిపే బస్సులో మీ అమ్మాయిని ఎక్కిస్తారా?"

ఒక్క మాట చాలు. ఎక్కిస్తానండి అంటే అయిపోతుంది. మద్రాసు లారీ కథ అన్ని నెలలు తడబడకుండా చెప్పిన నోరు అది. ఇప్పుడు ఆ ఒక్క మాట కోసం వెతికితే దొరకలేదు.

జైలు నుంచి వచ్చాక నరసింహులు బండి తోలలేదు. లైసెన్సు తిరిగొచ్చినా తోలలేదు. తోలమని ఇంట్లో ఎవరూ అడగలేదు. హారిక ఆటోలో స్కూలుకి వెళ్తోంది. సుభద్ర కొట్టుకి నడిచి వెళ్తోంది. అతను తోటలకి నడిచి వెళ్తున్నాడు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న వాళ్ళ మధ్యకి రాకుండా ముగ్గురూ పక్కకి తప్పుకుంటూ బతికారని ఆ కుర్చీ అంచున కూర్చున్నప్పుడే తెలిసింది ఆమెకి.

"తెలియదండి," అంది.

రాధగారు కోప్పడలేదు.

"సోమవారం బడి తెరుస్తాం. ఆ పొద్దున నాకు చెప్పండి. మీరు ఎక్కిస్తానంటే చేర్చుకుంటాను. లేదంటే లేదు. జంక్షన్ రూటు, రోజూ రెండు పూటలా తిరగాలి." కుర్చీలోంచి లేస్తూ, "ఇది మీ మీద పెడుతున్నందుకు నాకూ బాగాలేదమ్మా," అంది.

బయటికొస్తుంటే ప్రసాద్ ఎదురొచ్చి, ఏమందని అడిగాడు. సుభద్ర జరిగింది చెప్పింది. అతను నమ్మలేనట్టు చూసి, అవునని చెప్పి రావే, లోపలికి వెళ్ళి ఇప్పుడే చెప్పి రా అన్నాడు. ఆమె గేటు వైపు నడిచింది. వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు.

* * *

శనివారం సాయంత్రం హారికకి జడ వేస్తూ అడిగింది. మొగుడు ఇంకా తోట నుంచి రాలేదు.

"మీ నాన్న స్కూలు బస్సు తోలితే ఎక్కుతావా?"

సుభద్ర చేతిలో మూడు పాయలు అలాగే ఆగాయి.

"అందరికీ చెబుతారా, నాన్న సంగతి?" అంది హారిక.

"చెబుతారు."

"మా క్లాసువాళ్ళకి కూడానా?"

"వాళ్ళ అమ్మానాన్నలకి చెబుతారు. వాళ్ళకీ తెలుస్తుంది."

హారిక తల తిప్పకుండానే, "నువ్వు ఎక్కుతావా అమ్మా?" అంది.

సుభద్ర జడ అల్లడం మొదలుపెట్టింది. చివర రబ్బరుబ్యాండు వేసి వదిలింది. పిల్ల లేచి, తల్లి ముఖం ఒకసారి చూసి, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున సుభద్ర పక్క వీధిలో రాయప్ప ఇంటికి వెళ్ళింది. అతనికి కాయల ట్రేలు తోలే టాటా ఏస్ ఉంది. జంక్షన్ దాకా వెళ్ళి రావాలి, బండి ఇస్తావా అన్నయ్యా అని అడిగింది. డ్రైవరెవరమ్మా అన్నాడు రాయప్ప. మా ఆయనే అంది. రాయప్ప పళ్ళు తోముకుంటున్న వేపపుల్ల నోట్లోంచి తీసి, కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చిచ్చాడు. బ్రేకు కొంచెం కిందికి తొక్కాలని చెప్పమన్నాడు.

నరసింహులు పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. సుభద్ర తాళంచెవి అతని ముందు బండ మీద పెట్టింది. స్కూల్లో రాధగారు అడిగినది, తను చెప్పినది అంతా అప్పుడు చెప్పింది. ఒక్క మాటా పెంచలేదు, తగ్గించలేదు. అతను సబ్బు చేతులతోనే విన్నాడు.

"జంక్షన్ దాకా తోలు," అంది. "నేను పక్కన కూర్చుంటాను."

"ఇప్పుడా?"

"రేపు పొద్దున నేను ఆవిడకి ఏదో ఒకటి చెప్పాలి."

అతను తాళంచెవి చాలాసేపు తీసుకోలేదు. చివరికి చేతులు కడుక్కుని చొక్కా వేసుకుని వచ్చాడు.

బండి తోలడం మర్చిపోలేదు. సందులోంచి వెనక్కి తీసి, రోడ్డు మీదకి ఎక్కించి, బస్టాండు దగ్గర రద్దీలోంచి మెల్లగా తప్పించాడు. సుభద్ర సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక రెండు పక్కలా తోటలు. కాయ కోసేసిన చెట్లు తేలిగ్గా ఉన్నాయి. అక్కడక్కడ రోడ్డు వారన కలెక్టరు కాయలు గుట్టలు పోసి, వాటి మీద గడ్డి కప్పి ఉంది. జ్యూసు ఫ్యాక్టరీలకి పోయే లారీలు ఎదురొస్తున్నాయి. లారీ వచ్చినప్పుడల్లా నరసింహులు బండి ఎడమకి తీసి, అది వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ రోడ్డెక్కుతున్నాడు.

భయం వేస్తుందేమోనని చూసుకుంది. కోపం రానట్టే అదీ రాలేదు. పక్కన మొగుడు బండి తోలుతున్నాడు, అంతే. పెళ్ళైన కొత్తలో ఉంగుటూరులో తన మేనత్త ఇంటికి వ్యానులో తీసుకెళ్ళినప్పుడు ఎలా తోలాడో ఇప్పుడూ అలాగే. సీటు అంచు ఎప్పుడు వదిలేసిందో ఆమెకి తెలియదు. చూసుకుంటే చేతులు ఒళ్ళో ఉన్నాయి.

ఎక్కిస్తానని చెబుతాను అనుకుంది. అనుకోగానే గుండెల మీద నుంచి ఏదో బరువు జరిగినట్టైంది. ఆ మాట అతనికి చెప్పబోతుంటే బండి నెమ్మదించింది.

రోడ్డు మీద గేదెలేమన్నా అడ్డం వచ్చాయేమోనని చూసింది. ఏమీ లేదు. ముందు కాలవ మీద చిన్న వంతెనలాంటి తూము ఉంది. దానికి అటూ ఇటూ సున్నం కొట్టిన పిట్టగోడలు. కింద కాలవలో నీళ్ళు లేవు. నరసింహులు బండిని వారకి తీసి ఆపాడు. ఇంజను ఆపేశాడు.

"ఏమైంది?"

"ఇక్కడే," అన్నాడు.

సుభద్రకి చోటు తెలుసు. బస్సులో వెళ్ళేటప్పుడు చాలాసార్లు కిటికీలోంచి చూసింది. చచ్చిపోయిన సవరయ్య సైకిలు పడింది అవతలి పిట్టగోడ పక్కన.

"తెలుసు. పోనివ్వు," అంది.

అతను తాళంచెవి ముట్టుకోలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. మెడ మీద నుంచి చెమట చొక్కాలోకి దిగుతోంది.

"జైలు నుంచి వచ్చినప్పట్నుంచీ ఈ తూము దాటలేదు నేను," అన్నాడు. "అటు పని పడితే పొలాల గట్ల మీద నుంచి తిరిగి వెళ్తాను. మీ మేనత్త పోయినప్పుడు జ్వరమని చెప్పాను కదా. జ్వరం కాదు. అందరం ఆటోలో ఇటే వెళ్ళాలని. ఒకసారి సైకిలు మీద వచ్చి చూశాను. ఇక్కడిదాకా వచ్చాక కాళ్ళు రాలేదు."

సుభద్ర ముందున్న అద్దంలోంచి రోడ్డు చూస్తోంది.

"స్కూలు బస్సు వెళ్ళేది ఇటే," అంది.

"తెలుసు."

"పొద్దున, సాయంత్రం."

"తెలుసు సుభద్రా."

"మేడమ్‌గారికి ఈ సంగతి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు. కేసు సంగతితో పాటు ఇదీ చెబుదామనే లోపలికి వెళ్ళాడట. అది చెప్పగలిగాడట. జైలు అని, చచ్చిపోయాడని, నా తప్పేనని చెప్పగలిగాడట. ఇది మాత్రం చెప్పలేకపోయాడట.

"పిల్లలుంటే వెళ్తాననుకున్నాను," అన్నాడు. "వెనక పిల్లలు కూర్చుని ఉంటే ఆగలేను కదా. వెళ్ళి తీరాలి కదా అని."

సుభద్ర అతని వైపు తిరిగింది. వెనక కూర్చునే పిల్లల్లో హారిక ఉంటుందని అతను ఆలోచించాడో లేదో ముఖంలో వెతికింది. ఏమీ తెలియలేదు. అన్నేళ్ళు కాపురం చేసిన ముఖం అది.

వెనక నుంచి ట్రాక్టరు హారను కొట్టింది. కొట్టి, వీళ్ళని దాటి, తూము మీదుగా వెళ్ళిపోయింది. దాని వెనక దుమ్ము చాలాసేపు తేలింది.

"రేపటికి కాకపోతే ఎల్లుండికి అలవాటైపోతుంది," అన్నాడు నరసింహులు. ఎప్పుడూ లేనట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఎక్కిస్తానని చెప్పు. ఇది మాత్రం మేడమ్‌గారికి తెలియనివ్వకు."

ఆమె కాసేపు తన చేతిని అతని చేతిలోనే ఉంచింది. తర్వాత మెల్లగా విడిపించుకుని, తలుపు తీసుకుని కిందికి దిగింది.

రోడ్డు కాలుతోంది. సుభద్ర తూము మీదకి నడిచింది. పిట్టగోడ పక్కగా, ఎక్కడా ఆగకుండా నడిచి అవతలికి వెళ్ళి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగింది. ఎండ పడి బండి అద్దం తెల్లగా మెరుస్తోంది. లోపల అతను కనపడడం లేదు.

చెయ్యి ఊపి రమ్మనలేదు. అక్కడే ఉండమనీ అనలేదు. అతను తనంతట తానే దాటి వస్తాడో లేదో చూడడానికి, కొంగు తల మీదకి లాక్కుని నిలబడింది. జంక్షన్ బస్సు ఒకటి వచ్చి, ఆమెని చూసి నెమ్మదించి, ఎక్కదని తెలిసి వెళ్ళిపోయింది.

బండి ఇంజను ఇంకా స్టార్టు కాలేదు.